నిర్ణయాన్ని నానబెట్టడమే రక్షణ: ప్రజాప్రతినిధుల తప్పులకు శిక్ష ఎందుకు పడదు?

అనంతపురం జిల్లాలో ఒక రెవెన్యూ ఉద్యోగి లంచం తీసుకుంటూ ఏసీబీకి చిక్కి 48 గంటలకు మించి కస్టడీలో ఉంటే, 1991 నాటి ఆంధ్రప్రదేశ్ సివిల్ సర్వీసుల క్రమశిక్షణ నియమాల ప్రకారం అతను సస్పెండ్ అయినట్టే లెక్క. అందుకు ఎవరి దయా అక్కర్లేదు, ఎవరి ఆగ్రహమూ అక్కర్లేదు. గ్రామ సర్పంచ్ అధికారాన్ని దుర్వినియోగం చేశాడని తేలితే, 1994 పంచాయతీరాజ్ చట్టం 249వ సెక్షన్ కింద కలెక్టరు సంజాయిషీ అడిగి పదవి నుంచి తొలగించవచ్చు. ఆర్టీసీ కండక్టరు డబ్బు తీసుకుని టికెట్ కొట్టకుండా చెకింగ్ వాళ్లకు దొరికితే అతన్ని డ్యూటీ నుంచి తప్పించడం రోజుల్లో అయిపోయే పని. అదే ఊరివాళ్లు ఓట్లేసి గెలిపించిన ఎమ్మెల్యే మీదో, ఎంపీ మీదో ఆరోపణ వచ్చినప్పుడు మాత్రం ఇలాంటి గడువేదీ మొదలుకాదు. ఆయన నడవడిని విచారించాల్సింది ఆయన కూర్చునే సభే. ఆ సభను నడిపేది ఆయన పార్టీ అయి ఉంటుంది, లేదా ఆయన పార్టీని ఓడించిన పార్టీ అయి ఉంటుంది. కర్నూలులోనైనా, కడపలోనైనా ఈ సంగతి మాటల్లోకి వచ్చిన ప్రతిసారీ చివరకు తేలేది ఒకటే: ‘వాళ్లూ వాళ్లూ ఒకటే’.

ఈ కోపాన్ని కాస్త విడదీసి చూడాలి. నాయకుడు తప్పు చేశాడన్న వార్తకు సీమ ఓటరు పెద్దగా ఆశ్చర్యపోడు. తప్పు చేసినవాణ్ణి పక్కనున్నవాళ్లు వెనకేసుకొచ్చారన్నదే అతనికి ఒళ్లు మండించే విషయం. అయితే ఆ వెనకేసుకురావడం జరిగే తీరు బయటికి అంత తేలిగ్గా కనబడదు. మన చట్టసభల్లో ‘ఇతను ఏ తప్పూ చేయలేదు’ అని బాహాటంగా ఓటేసి కాపాడిన సందర్భాలు అరుదు. ఎక్కువగా జరిగేది నిర్ణయాన్ని నానబెట్టడం. ఫిర్యాదు తీసుకుంటారు, నోటీసు ఇస్తారు, వివరణకు గడువు పొడిగిస్తారు, కమిటీకి పంపుతారు, ఈలోగా సభ కాలం ముగిసిపోతుంది. ఎవరి చేతికీ మట్టి అంటదు. తప్పుడు తీర్పు వస్తే దాని మీద కోర్టుకు వెళ్లవచ్చు గానీ, అసలు రాని తీర్పు మీద వెళ్లడానికి చాలా కాలం దారే దొరకలేదు.

సభ తన సభ్యులను తానే విచారించుకోవాలన్న ఏర్పాటు ఊరికే పుట్టలేదు. సభలో మాట్లాడినందుకో, ఓటేసినందుకో ప్రభుత్వం పోలీసులను పంపి ప్రతిపక్ష సభ్యుణ్ణి లాక్కుపోయే వీలుంటే ఆ సభకు అర్థం ఉండదు. అందుకే రాజ్యాంగం 105వ అధికరణంలో పార్లమెంటు సభ్యులకు, 194వ అధికరణంలో శాసనసభ్యులకు ప్రత్యేక రక్షణలు కల్పించింది. ఆ రక్షణలతో పాటే తప్పు చేసిన సభ్యుణ్ణి దండించే అధికారమూ సభకు వచ్చింది. రక్షణను వాడుకోవడంలో చూపిన చురుకు దండించడంలో చూపలేదన్నది తర్వాతి కథ.

మొదట్లో పరిస్థితి వేరుగా ఉండేది. 1951లో తాత్కాలిక పార్లమెంటు సభ్యుడు హెచ్.జి. ముద్గల్ బొంబాయి బులియన్ వ్యాపారుల సంఘం నుంచి డబ్బు తీసుకుని సభలో వాళ్ల పని చేసిపెట్టారన్న ఆరోపణ వచ్చింది. ఆయన అధికార కాంగ్రెస్ సభ్యుడే. సభా సంఘం విచారించి తప్పు తేల్చింది, బహిష్కరణ తీర్మానాన్ని ప్రధాని నెహ్రూయే ముందుకు తెచ్చారు. ముద్గల్ ముందుగానే రాజీనామా ఇచ్చి తప్పించుకోబోతే, ఆ రాజీనామా తప్పును మరింత పెంచిందని సభ రికార్డులో రాయించింది. 2005 డిసెంబరులో ప్రశ్నలు అడగడానికి డబ్బు తీసుకుంటూ రహస్య కెమెరాకు చిక్కిన 11 మంది ఎంపీలను ఉభయ సభలూ డిసెంబరు 23న బహిష్కరించాయి. ఆ దృశ్యాలు ప్రసారమై అప్పటికి రెండు వారాలు కూడా కాలేదు. బహిష్కరించే అధికారం సభకు ఉందని 2007 జనవరిలో రాజారాం పాల్ కేసులో సుప్రీంకోర్టు కూడా ఒప్పుకుంది. కాబట్టి మన సభలకు చేతకాదన్నది నిజం కాదు. తలచుకుంటే పదకొండు రోజుల్లో తేల్చగలరు. తలచుకోవడం ఎప్పుడు జరుగుతుందన్నదే ప్రశ్న. 1951లో కాంగ్రెస్‌కు తిరుగులేని బలం ఉంది, ఒక సభ్యుడు పోయినా వెంట్రుక ఊడినంత కూడా కాదు. 2005లో పోయినవాళ్లలో ఎక్కువమంది ప్రతిపక్షాల వాళ్లు. రెండు సందర్భాల్లోనూ శిక్ష వేయడం వల్ల ప్రభుత్వానికి వచ్చిన నష్టం ఏమీ లేదు.

నష్టం ఉన్నప్పుడు ఏం జరుగుతుందో తెలుసుకోవడానికి కర్నూలు దాటి వెళ్లనక్కర్లేదు. కర్నూలు ఆంధ్ర రాష్ట్రానికి రాజధానిగా ఉన్న రోజుల్లో, 1954 నవంబరులో, మద్యనిషేధం వ్యవహారంపై వచ్చిన అవిశ్వాసంలో టంగుటూరి ప్రకాశం ప్రభుత్వం ఒక్క ఓటు తేడాతో పడిపోయింది. సభలో ఒక్క మనిషి విలువెంతో అంతకన్నా స్పష్టంగా చెప్పిన ఘట్టం మన రాష్ట్ర చరిత్రలో లేదేమో. ఆ విలువను లెక్కగట్టడం నేర్చుకున్న పార్టీలకు ప్రతి సభ్యుడూ ముందు ఒక ఓటు, ఆ తర్వాతే మంచివాడో చెడ్డవాడో.

ఈ లెక్క దేశాన్నే కుదిపిన ఘటనలోనూ ఈ జిల్లా పేరుంది. 1991లో ప్రధాని అయ్యాక పి.వి. నరసింహారావు లోక్‌సభకు ఎన్నికైంది అప్పటి కర్నూలు జిల్లాలోని నంద్యాల నుంచి. తెలుగువాడు ప్రధాని అయ్యాడన్న గౌరవంతో తెలుగుదేశం పోటీకి దిగలేదు, నంద్యాల ఓటర్లు ఐదు లక్షలకు పైగా మెజారిటీ ఇచ్చి పంపారు. ఆయన ప్రభుత్వానికి సొంత మెజారిటీ లేదు. 1993 జులై 28న అవిశ్వాస తీర్మానానికి అనుకూలంగా 251, వ్యతిరేకంగా 265 ఓట్లు పడి ప్రభుత్వం నిలబడింది. ఆ ఓట్లలో కొన్ని డబ్బుతో కొన్నవేనని, జార్ఖండ్ ముక్తి మోర్చా ఎంపీలకు లంచాలు ముట్టాయని సీబీఐ కేసు పెట్టింది. 1998లో సుప్రీంకోర్టు 3–2 మెజారిటీతో చెప్పిన తీర్పు సామాన్యుడికి ఎంత చెప్పినా మింగుడుపడదు: లంచం పుచ్చుకుని సభలో ఓటేసిన సభ్యులకు 105వ అధికరణం రక్షణ వర్తిస్తుంది, లంచం పుచ్చుకుని ఓటింగ్‌కు దూరంగా ఉన్న సభ్యుడికి వర్తించదు. అంటే డబ్బు తీసుకున్నాక చెప్పిన పని నమ్మకంగా చేసినవాడికి శిక్ష లేదు, చేయనివాడికే ఉంది. లంచం ఇచ్చారన్న అభియోగంపై నరసింహారావుకు 2000లో కింది కోర్టు శిక్ష వేయగా 2002లో ఢిల్లీ హైకోర్టు కొట్టివేసింది. 1998 తీర్పు మాత్రం అలాగే నిలిచిపోయి, 2024 మార్చి 4న సీతా సోరెన్ కేసులో ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఏకగ్రీవంగా తోసిపుచ్చేదాకా దేశమంతటా చట్టంగా చెల్లింది. ఈ పాతికేళ్లలో పార్లమెంటు చట్టం తెచ్చి ఆ రంధ్రాన్ని పూడ్చకుండా ఆపినవారెవరూ లేరు. అన్ని పార్టీలూ అధికారంలోకి వచ్చిపోయాయి. తిలాపాపం తలా పిడికెడు.

నానబెట్టడం ఎంత పకడ్బందీగా సాగుతుందో చూడాలంటే 2014–19 ఆంధ్రప్రదేశ్ శాసనసభను మించిన పాఠం లేదు. 2016 ఫిబ్రవరి నుంచి వైఎస్సార్ కాంగ్రెస్ గుర్తుపై గెలిచిన 23 మంది ఎమ్మెల్యేలు విడతలవారీగా అధికార తెలుగుదేశంలోకి వెళ్లారు. పార్టీ ఫిరాయింపులను అడ్డుకోవడానికి 1985లో రాజ్యాంగంలో చేర్చిన పదో షెడ్యూలు ప్రకారం వాళ్ల అనర్హతను తేల్చాల్సింది స్పీకర్. ఫిర్యాదులు అందాయి, తేలలేదు. 2017 ఏప్రిల్‌లో జరిగిన మంత్రివర్గ విస్తరణలో అలా వచ్చినవారిలో నలుగురు మంత్రులయ్యారు. వారిలో ఇద్దరు కర్నూలు, కడప జిల్లాల వారే: ఆళ్లగడ్డ నుంచి భూమా అఖిలప్రియ, జమ్మలమడుగు నుంచి సి. ఆదినారాయణరెడ్డి. ఇక్కడే చట్టంలోని మెలిక పట్టుకోవాలి. ఫిరాయించి అనర్హత వేటు పడినవారు మళ్లీ గెలిచేదాకా మంత్రి కాకూడదని 2003లో 91వ సవరణ కట్టడి చేసింది. ఆ నిషేధం మొదలయ్యేది అనర్హత తేలిన రోజు నుంచి. స్పీకర్ తేల్చకపోతే నిషేధం పుట్టనే పుట్టదు. చట్టాన్ని ఉల్లంఘించాల్సిన అవసరమే రాలేదు, దాన్ని కదలకుండా కూర్చోబెడితే సరిపోయింది. కలెక్టరేట్‌లో సోమవారం గ్రీవెన్సుకు వెళ్లిన రైతు అర్జీకైనా ఒక నంబరు, ఒక గడువు ఉంటాయి.

అదే సభ మరోవైపు ఎంత వేగంగా పనిచేయగలదో కూడా అప్పుడే చూపించింది. 2015 డిసెంబరు 18న ప్రతిపక్ష ఎమ్మెల్యే రోజాను అనుచితంగా ప్రవర్తించారంటూ ఏడాదిపాటు సస్పెండ్ చేశారు. ఆ సమావేశాలు ముగిసేదాకా మాత్రమే సస్పెండ్ చేసే వీలు సభా నియమాల్లో ఉందని, ఏడాది శిక్ష వాటికి విరుద్ధమని ఆమె కోర్టుకెక్కారు. ఆమె మాటల తీరు సరైనదా కాదా అన్న వాదన పక్కన పెడదాం. ప్రతిపక్ష సభ్యురాలి మాటకు నిబంధనను సాగదీసి మరీ ఒక్క రోజులో శిక్ష పడింది. అధికార పక్షంలోకి వచ్చినవాళ్ల మీద ఉన్న ఫిర్యాదుకు సభ కాలం ముగిసేదాకా తీరిక దొరకలేదు. మహారాష్ట్రలోనూ 2021 జులైలో 12 మంది ప్రతిపక్ష ఎమ్మెల్యేలను ఇలాగే ఏడాది సస్పెండ్ చేస్తే, అది బహిష్కరణ కన్నా ఘోరమని 2022 జనవరిలో సుప్రీంకోర్టు కొట్టివేసింది. తనవాళ్లను కాపాడుకోవడమూ ఎదుటివాళ్లను అతిగా శిక్షించడమూ రెండు వేర్వేరు జబ్బుల్లా కనిపించినా, రెండింటికీ మూలం శిక్షించే అధికారం మెజారిటీ చేతిలో ఉండటమే.

ప్రభుత్వం మారాక ఇది సర్దుకుందా? 2017 ఆగస్టులో శిల్పా చక్రపాణిరెడ్డి తెలుగుదేశం వదిలి వైఎస్సార్ కాంగ్రెస్‌లో చేరినప్పుడు ఎమ్మెల్సీ పదవికి రాజీనామా చేశాకే తీసుకున్నామని ఆ పార్టీ నంద్యాల సభలో గర్వంగా చెప్పుకుంది. అందులో తప్పుపట్టాల్సింది ఏమీ లేదు, మెచ్చుకోవాల్సిందే. అధికారంలోకి వచ్చాక తెలుగుదేశం ఎమ్మెల్యేలు నలుగురు రాజీనామాలు లేకుండానే అటు దగ్గరయ్యారు. తర్వాత వైఎస్సార్ కాంగ్రెస్ నుంచి నలుగురు దూరమయ్యారు. ఈ ఎనిమిది మందినీ స్పీకర్ అనర్హులుగా ప్రకటించింది 2024 ఫిబ్రవరి చివరి వారంలో. మార్చి 16న ఎన్నికల షెడ్యూలు వచ్చేసింది. ఐదేళ్ల పదవిలో ఇంకా కొన్ని వారాలే మిగిలి ఉండగా పడిన ఆ శిక్ష ఎవరికి శిక్ష అయిందో చెప్పడం కష్టం.

కోర్టులు ఈ జాడ్యాన్ని మెల్లగానైనా గుర్తించాయి. స్పీకర్ నిర్ణయం కోర్టు సమీక్షకు అతీతం కాదని 1992లో కిహోటో హొల్లోహన్ కేసులో చెప్పారు. నిర్ణయమే రాకపోతే ఏం చేయాలన్నది అక్కడ తేలలేదు. 2020 జనవరిలో మణిపూర్ కేసులో మూడు నెలల్లో తేల్చాలని, ఈ అధికారాన్ని స్పీకర్ నుంచి తీసి స్వతంత్ర ట్రైబ్యునల్‌కు ఇవ్వడం గురించి పార్లమెంటు ఆలోచించాలని సుప్రీంకోర్టు అంది. 2025 జులై 31న తెలంగాణకు చెందిన పది మంది ఎమ్మెల్యేల కేసులోనూ మూడు నెలల గడువే పెట్టి, ఈ ఏర్పాటు సరిగా పనిచేస్తోందో లేదో పార్లమెంటే చూసుకోవాలని మళ్లీ గుర్తు చేసింది.

సభ వెలుపల జరిగే అల్లరి విషయంలో పక్షపాతం ఇంకా పచ్చిగా కనిపిస్తుంది. 2015 నవంబరులో తిరుపతి విమానాశ్రయంలో ఎయిరిండియా మేనేజరుపై చేయిచేసుకున్నారన్న ఆరోపణపై రాజంపేట ఎంపీ మిథున్‌రెడ్డిని 2016 జనవరిలో అరెస్టు చేసి నెల్లూరు జైలుకు పంపారు. ఆయన రాష్ట్రంలో ప్రతిపక్ష ఎంపీ. 2017 జూన్ 15న విశాఖ విమానాశ్రయంలో ఆలస్యంగా వచ్చిన అనంతపురం ఎంపీ జె.సి. దివాకర్‌రెడ్డి బోర్డింగ్ పాసు ఇవ్వలేదని కౌంటరు దగ్గర ప్రింటర్‌ను తోసేసిన దృశ్యం సీసీటీవీకి చిక్కి టీవీల్లో మార్మోగింది. ఆయన రాష్ట్రంలో అధికార పార్టీ ఎంపీ, కేంద్రంలో పౌర విమానయాన మంత్రి అశోక్ గజపతిరాజుదీ అదే పార్టీ. విమాన సంస్థలు కలిసి విధించిన నిషేధం నెల తిరిగేసరికి ఎత్తేశారు. అందులో మంత్రి ప్రమేయం ఉందా లేదా అన్నది వేరే సంగతి. చూసేవాళ్లు రెండూ రెండూ కలిపి నాలుగు అనుకున్నారు. అదే ఏడాది మార్చిలో శివసేన ఎంపీ రవీంద్ర గైక్వాడ్ ఎయిరిండియా ఉద్యోగిని చెప్పుతో కొట్టి, ఆ సంగతి తానే చెప్పుకున్నారు. అప్పుడు సొంత పార్టీ ఎంపీలు లోక్‌సభలో విమానయాన మంత్రిని చుట్టుముట్టి గొడవచేశారు. మర్నాడే నిషేధం పోయింది.

ఈ గొడవల నుంచి మంచి ఒకటి పుట్టింది. 2017 సెప్టెంబరులో ప్రయాణ నిషేధ జాబితాపై నియమాలు వచ్చాయి. దురుసు మాటలకు మూడు నెలల వరకు, చేయిచేసుకుంటే ఆరు నెలల వరకు, ప్రాణాపాయం కలిగించే పనికి రెండేళ్లు అంతకుమించి నిషేధం. తేల్చేది రిటైర్డ్ జిల్లా జడ్జి అధ్యక్షతన ఉండే కమిటీ, గడువు 30 రోజులు, ఆలోగా తేల్చకపోతే ప్రయాణికుడు మళ్లీ విమానం ఎక్కవచ్చు. మూడు ముక్కల్లో ఉన్న ఈ ఏర్పాటును గమనించాలి: బయటి మనిషి, ముందే రాసిన కొలత, తప్పించుకోలేని గడువు. విమానం టికెట్ కొన్న మనిషికి వర్తించే ఈ మూడూ శాసనసభలో కూర్చునే మనిషికి లేవు.

పార్టీలు ఒకరినొకరు కాపాడుకోవడం ఎప్పుడూ చాటుగానే జరగదు. నేరచరిత్ర, ఆస్తుల వివరాలను అభ్యర్థులు బయటపెట్టాలని 2002 మేలో సుప్రీంకోర్టు చెబితే, ఏ విషయంలోనూ కలవని పార్టీలన్నీ కలిసి కూర్చుని వద్దన్నాయి. ఆర్డినెన్సు వచ్చింది, చట్ట సవరణ వచ్చింది, 2003 మార్చిలో కోర్టు దాన్ని కొట్టేసింది. ఈ రోజు ఓటరు అఫిడవిట్ తెరిచి అభ్యర్థి మీద ఎన్ని కేసులున్నాయో చూడగలుగుతున్నాడంటే అది పార్టీలు అడ్డుపడినా వచ్చినదే. 2013 జులైలో లిలీ థామస్ కేసులో, రెండేళ్లు లేదా అంతకు మించి శిక్షపడిన సభ్యుడు అప్పీలు పేరుతో పదవిలో కొనసాగే వెసులుబాటును కోర్టు తీసేసింది. దాన్ని తిరిగి తేవడానికి కేంద్ర మంత్రివర్గం సెప్టెంబరులో ఆర్డినెన్సు సిద్ధం చేసింది. అప్పటికే అవినీతి వ్యతిరేక ఉద్యమాలతో వేడెక్కిన జనం మండిపడ్డారు. సొంత పార్టీ ఉపాధ్యక్షుడు రాహుల్ గాంధీయే విలేకరుల ముందు దాన్ని చించేయాలన్నారు. అక్టోబరు మొదట్లో ఉపసంహరించుకున్నారు. ప్రజల కోపం నేరుగా ఫలితం ఇచ్చిన అరుదైన సందర్భమిది. కారణం కూడా ఊహించవచ్చు: అక్కడ చేతికి దొరికే ఒక కాగితం ఉంది, దాని మీద ఒక తేదీ ఉంది, సంతకం కోసం అది ఎవరి దగ్గర ఆగి ఉందో అందరికీ తెలుసు.

ప్రభుత్వం మారగానే కొత్త అధికార పార్టీ నాయకులపై ఉన్న కేసులను జీవోలతో ఎత్తేసే అలవాటు రాష్ట్రంలో ఏ ఒక్క పార్టీదో కాదు. 2015 మార్చిలో కేరళ శాసనసభలో బడ్జెట్ రోజున బల్లలూ కుర్చీలూ విరగ్గొట్టిన సభ్యులపై కేసు ఎత్తేస్తామని అక్కడి ప్రభుత్వం వెళితే, 2021 జులైలో సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. ఆ మరుసటి నెలలోనే ఎంపీలు, ఎమ్మెల్యేలపై కేసులను హైకోర్టు అనుమతి లేకుండా ఎత్తేయడానికి వీల్లేదంది.

ఇదే వ్యవహారం బ్రిటన్‌లో 2021 నవంబరులో జరిగిన తీరు పోల్చి చూడదగ్గది. అక్కడి అధికార కన్జర్వేటివ్ పార్టీ ఎంపీ ఓవెన్ ప్యాటర్సన్ తనకు జీతమిచ్చే రెండు కంపెనీల తరఫున అధికారుల దగ్గర పైరవీ చేశారని పార్లమెంటు ప్రమాణాల కమిషనర్ విచారించి తేల్చారు. 30 పనిదినాలు సస్పెండ్ చేయాలని అన్ని పార్టీల సభ్యులున్న కమిటీ సిఫార్సు చేసింది. ప్రభుత్వం విప్ జారీ చేసి మరీ నవంబరు 3న 250–232 ఓట్లతో ఆ శిక్షను ఆపి, నియమాలనే మార్చే ప్రయత్నానికి దిగింది. దేశమంతా భగ్గుమంది. మర్నాటికల్లా ప్రభుత్వం వెనక్కి తగ్గింది, ప్యాటర్సన్ రాజీనామా చేశారు. డిసెంబరు 16న జరిగిన ఉపఎన్నికలో దాదాపు 23 వేల మెజారిటీ ఉన్న ఆ కంచుకోట చేజారింది. అక్కడి రాజకీయ నాయకులు మనవాళ్ల కన్నా నీతిమంతులు కాబట్టి ఇలా జరిగిందనుకుంటే పొరపాటు, కాపాడాలనే చూశారు. అయితే విచారణ చేసింది బయటి అధికారి, నివేదిక అందరి ముందూ ఉంది, కాపాడాలంటే ఓటేయక తప్పలేదు, ఎవరెలా ఓటేశారో పేర్లతో సహా అచ్చయింది. తమ ఎంపీ పేరు ఆ 250 మందిలో ఉందో లేదో ప్రతి నియోజకవర్గంలోనూ చూసుకున్నారు. మన దగ్గర పెండింగ్‌లో ఉన్న ఫైలుకు ఓటింగ్ ఉండదు, జాబితా ఉండదు. కోపం ఫలానా మనిషి మీద నిలవక ‘అందరూ అంతే’ అన్న నిట్టూర్పుగా మారిపోతుంది. ‘అందరూ అంతే’ అన్నప్పుడు ఏ ఒక్కడికీ నష్టం లేదు.

ఇందులో ఓటరు వాటా కూడా ఉంది, ముఖ్యంగా రాయలసీమలో. నమ్ముకున్నవాణ్ణి నడిమధ్య వదలనివాడే ఇక్కడ నాయకుడు. అనుచరుడు కేసులో ఇరుక్కుంటే వకీలును పెట్టాలి, జైలుకెళితే ఇంటిని చూసుకోవాలి, స్టేషన్‌లో కూర్చోబెడితే ఫోన్ చేయాలి. తాగి బండి నడిపి పట్టుబడిన కుర్రాడి తండ్రి మొదట చేసే పని ‘అన్నా, ఎస్సైకి ఒక మాట చెప్పండన్నా’ అని నాయకుడికి ఫోన్ కొట్టడం. చెప్పలేదంటే వచ్చే ఎన్నికల్లో ఆ ఇంటి ఓట్ల సంగతి చూసుకోవాల్సిందే. ఫ్యాక్షన్ రోజుల్లో ప్రాణాలతో ముడిపడిన ఈ అలవాటు కక్షలు చల్లారాక కూడా పోలేదు, పనుల్లోకీ పదవుల్లోకీ మారింది. తన అనుచరుణ్ణి కాపాడే నాయకుణ్ణి మెచ్చుకునే ఊరే, తన తోటి ఎమ్మెల్యేను కాపాడే ఎమ్మెల్యేను తిడుతుంది. ఎదుటి పార్టీవాడు చేస్తే ‘దొంగలు దొంగలు’, మనవాడు చేస్తే ‘మాట మీద నిలబడ్డాడు’. ఈ రెండు నాలుకలూ నాయకులకు బాగా తెలుసు.

ఓట్ల లెక్కలు కూడా ఈ తికమకనే చూపిస్తాయి. ఫిరాయించిన భూమా నాగిరెడ్డి మరణంతో 2017 ఆగస్టులో వచ్చిన నంద్యాల ఉపఎన్నికలో ఫిరాయింపును పెద్దగా ప్రచారం చేసినా, తెలుగుదేశం అభ్యర్థి భూమా బ్రహ్మానందరెడ్డి 27 వేలకు పైగా మెజారిటీతో గెలిచారు. 2019లో ఆళ్లగడ్డలో అఖిలప్రియ ఓడారు, కడప లోక్‌సభకు నిలబడ్డ ఆదినారాయణరెడ్డీ ఓడారు, 23 మందిలో మళ్లీ గెలిచి సభకు వచ్చింది అద్దంకి ఎమ్మెల్యే ఒక్కరే. ఆ ఎన్నికలో తెలుగుదేశానికి మిగిలిన సీట్లు సరిగ్గా 23 కావడం గురించి తర్వాత ఎన్ని ఛలోక్తులు పేలాయో చెప్పనక్కర్లేదు. అది ఫిరాయింపుకు శిక్షో, ప్రభుత్వంపై వ్యతిరేకతో విడదీయడం సాధ్యం కాదు. 2024లో అఖిలప్రియ తెలుగుదేశం తరఫున ఆళ్లగడ్డలో, ఆదినారాయణరెడ్డి బీజేపీ తరఫున జమ్మలమడుగులో మళ్లీ గెలిచారు. ‘తప్పు చేస్తే ప్రజలే ఎన్నికల్లో చెబుతారు’ అని చట్టసభలు తప్పించుకోవడానికి ఈ ఫలితాలు ఆధారం కాలేవు. ఓటరు ఐదేళ్లకు ఒకసారి నీళ్లూ, కులమూ, పింఛనూ, పార్టీ అన్నీ కలిపి ఒక్క బటన్ నొక్కుతాడు. అందులో క్రమశిక్షణ చర్యను వెతకడం అన్యాయం.

మరోలా నడుచుకున్న ఉదాహరణా ఈ గడ్డ మీదే ఉంది. 1960ల మొదట్లో కర్నూలు జిల్లా బస్సు రూట్ల జాతీయీకరణలో, తనకు రాజకీయంగా గిట్టని ప్రైవేటు ఆపరేటర్లను దెబ్బతీయడానికే ఆ జిల్లాను ముందుకు తెచ్చారని ముఖ్యమంత్రి నీలం సంజీవరెడ్డిపై ఆరోపణ వచ్చింది. ముఖ్యమంత్రి స్వయంగా అఫిడవిట్ వేసి దాన్ని ఖండించకపోవడాన్ని 1964లో సుప్రీంకోర్టు ఆయనకు వ్యతిరేకంగా తీసుకుంది. ఏ క్రిమినల్ కేసూ లేదు, శిక్షా లేదు. అనంతపురం జిల్లా ఇల్లూరులో పుట్టిన ఆ నాయకుడు ఆ ఫిబ్రవరిలోనే ముఖ్యమంత్రి పదవి వదిలేశారు. పదమూడేళ్ల తర్వాత రాష్ట్రపతి అయ్యారు కాబట్టి రాజీనామాతో రాజకీయ జీవితం ముగిసిపోతుందన్న భయానికీ ఆధారం తక్కువే. అయితే ఒక మనిషి మర్యాద మీద ఆధారపడిన పద్ధతి ఆ మనిషితోనే పోతుంది.

పద్ధతి కోసం చూస్తే కర్నూలులోనే ఒక కార్యాలయం కనిపిస్తుంది. 1983 చట్టం కింద ఏర్పడిన లోకాయుక్త 2021 నుంచి ఇక్కడ పనిచేయడం మొదలుపెట్టింది. మంత్రులు, ఎమ్మెల్యేలు కూడా దాని పరిధిలోకి వస్తారు. విచారించి నివేదిక ఇవ్వడం వరకే దాని పని, చర్య తీసుకోవాల్సింది ప్రభుత్వం. మళ్లీ మొదటికే వస్తుంది. దీన్ని సరిచేయడానికి కొత్త సంస్థ అక్కర్లేదు. నివేదిక అందిన ఇన్ని రోజుల్లోగా సభలో పెట్టి, పేర్లతో ఓటింగ్ జరపాలని, జరపకపోతే సిఫార్సు చేసిన శిక్ష దానంతటదే అమలవుతుందని రాస్తే చాలు. కాపాడదలచుకున్నవాళ్లు అప్పుడూ కాపాడవచ్చు, చేయెత్తి కాపాడాలి. స్పీకర్ ముందున్న అనర్హత ఫిర్యాదులకూ ఇదే సూత్రం పనికొస్తుంది. విలీనం పేరుతో పార్టీ సభ్యుల్లో మూడింట రెండొంతులమంది కలిసి వెళ్లే సందర్భంలోనే కొంత లోతైన విచారణ కావాలి. మిగతావాటిలో ఎవరు ఏ వేదికపై ఏ కండువా కప్పుకున్నారో తేల్చడానికి మూడు నెలలు ఎక్కువే.

గెలిపించిన సభ్యుణ్ణి గడువుకు ముందే ఓటర్లు వెనక్కి పిలిచే రీకాల్‌ను, బ్రిటన్‌లో 2015 చట్టంతో వచ్చినదాన్ని, ఇక్కడికీ తేవాలన్న వాదన తరచూ వినిపిస్తుంది. సభ పది పనిదినాలు లేదా అంతకుమించి సస్పెండ్ చేసిన ఎంపీ నియోజకవర్గంలో ఆరు వారాలపాటు సంతకాలు తీసుకుంటారు, పదిశాతం ఓటర్లు సంతకం చేస్తే సీటు ఖాళీ అవుతుంది. మన దగ్గర దీన్ని ఎత్తి తెచ్చేవారు మొదటి మెట్టును వదిలేసి సంతకాల గురించే మాట్లాడతారు. విచారణ, శిక్ష అనే ఆ మెట్టు లేకుండా సంతకాలు మాత్రమే పెడితే, రెండున్నర లక్షల ఓటర్లున్న నియోజకవర్గంలో పాతిక వేల సంతకాలు కావాలి. ఓడిపోయిన అభ్యర్థికి లక్షకు పైగా ఓట్లు వచ్చే సీమలో ఆ పాతిక వేలు పోగుచేయడం ఫలితాలు వచ్చిన నెలలోనే అయిపోయే పని. పైగా ఓటు గదిలో వేసేది, సంతకం పేరుతో చేసేది. ఎవరు సంతకం చేశారో ఊళ్లో తెలిసిపోయే చోట, ఆ కాగితం మీద వేలు పెట్టడానికి కడప, కర్నూలు పల్లెల్లో ఎంతమంది ముందుకొస్తారో, వచ్చినవాళ్లకు ఆ తర్వాత నీటి వంతు దగ్గరా, రేషను దగ్గరా ఏమవుతుందో రీకాల్ బిల్లు రాసేవాళ్లు ముందుగా ఆలోచించాల్సి ఉంటుంది.